కుంటాల హోరులో బాపు చేతులు

మా ఇంట్లో చేతులతో మాట్లాడటం నేరం. ఈ రూలు ఎవరు పెట్టారని అడగక్కర్లేదు, మా ఇంట్లో రూల్సన్నీ బాపువే. తినడానికి రమ్మని నోటి దగ్గరికి వేళ్ళు తీసుకెళ్ళి చూపించినా, టీ తాగుతావా అని బొటనవేలు ఎత్తి అడిగినా ఆయనకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు మా తమ్ముడు వంటింట్లోంచే చెయ్యి ఊపి భోజనానికి పిలిచాడు. బాపు వచ్చి కూర్చున్నాడు, కంచాన్ని గోడదాకా తోశాడు, లేచిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నాడు.

"చేతులు ఊపుతరేందిరా? నేనేమన్న మూగోన్నా, చెవిటోన్నా? నోరు లేదా మీకు?"

మాకు నోరుంది. ఆయనకే చెవులు పనిచెయ్యడం లేదు. ఆ సంగతి ఆయన మొహం మీద చెప్పగలిగే మొనగాడు మా ఇంట్లో పుట్టలేదు. కోపంలో నేను అచ్చంగా బాపు కూతురినే, పాఠాలు చెప్పే బళ్ళో హెడ్మాస్టరుతో కూడా నోరు పెట్టుకుంటాను. అయినా ఆ ఒక్క విషయంలో నాకూ నోరు పెగల్లేదు.

బాపు రాగి పనివాడు. పత్తర్‌గట్టి వెనుక సందులో ఒక కార్ఖానాలో జీవితమంతా సుత్తి పట్టుకునే గడిపాడు. పెళ్ళి బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగ్‌లు, గంగాళాలు, బిందెలు చేసేవాడు, సొట్టలు తీసేవాడు. మనిషి కూర్చుంటే తల మాత్రమే బయటికి కనిపించేంత దేగ్‌లో దిగి లోపల నుంచి కొట్టేవాడు. చుట్టూ ఇంకా పది సుత్తులు మోగుతుండేవి. ఆ చప్పుడే ఆయన చెవులను తినేసింది. మొదట ఫోను మోగితే వినిపించలేదు. తర్వాత వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడటం మానేశాడు. ఆ తర్వాత గిరాకీ చెప్పిన కొలత ఒకటైతే బాపు చేసింది ఇంకొకటి కావడం మొదలైంది. అప్పుడు పని వదిలేసి ఇంటి పట్టున ఉన్నాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల మానేశానని అందరికీ చెప్పుకున్నాడు, మేమూ అదే చెప్పాం. తమ్ముడు చెవి మిషను కొనుక్కొస్తే, పెట్టుకున్న రోజే అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడుకు ఉలిక్కిపడి తీసి సొరుగులో పారేశాడు. మళ్ళీ దాని మొహం చూడలేదు.

ఇక మిగిలింది అరవడం. మాలో అందరికంటే ఎక్కువగా అరిచింది అమ్మ. రోజంతా ఆయనతో ఉండేది ఆమే కదా. బహదూర్‌పురాలో మా ఇల్లు జూపార్కుకు దగ్గర, తెల్లవారుజామున సింహం గర్జించడం వినిపిస్తుంది. అమ్మ బాపును ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఆ సింహం కూడా కాసేపు ఊరుకుని వింటుందని తమ్ముడు ఆటపట్టించేవాడు. మా ఇంటి సంగతుల్లో గల్లీకి తెలియనిది ఒక్కటీ లేదు. ఎవరికి సంబంధం చూస్తున్నాం, ఎవరికి కడుపు చెడింది, కరెంటు బిల్లు కట్టామా లేదా, అన్నీ అందరికీ తెలుసు. బాపు జవాబు చెప్పడం ఆలస్యమైతే, మేము ఆపా అని పిలిచే ఎదురింటి అక్క కిటికీలోంచి తనే చెప్పేసేది.

అలా ఏళ్ళ తరబడి అరిచి అరిచి అమ్మ గొంతు పాడైంది. ముందు బొంగురు పోయింది, పసుపు పాలు తాగింది. తర్వాత మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది. నేనే గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గొంతులో బుడిపెలు లేచాయని, కొన్ని నెలలపాటు నోరు కట్టేసుకోవాలని ఆయన చెప్పాడు. తప్పనిసరైతే మెల్లగా నాలుగు మాటలు, అంతకు మించి వద్దన్నాడు. అరిస్తే మాత్రం ఉన్న గొంతు కూడా పోతుందని గట్టిగా హెచ్చరించాడు.

అమ్మ అరవకూడదు. బాపుకు వినిపించదు. చేతులు ఊపకూడదు. మరి ఆ ఇద్దరూ ఎలా బతకాలి? తమ్ముడు బాపు చెవి దగ్గర నోరు పెట్టి గల్లీ దద్దరిల్లేలా విషయం చెప్పాడు. బాపు విన్నాడు, తల ఊపాడు. ఆ రోజు నుంచి తనూ మాట్లాడటం మానేశాడు. ఫోనులో పెద్ద పెద్ద అక్షరాలు టైపు చేసి చూపిద్దామని చూశాం. ఆయన దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు, అంతే. ఈ వయసులో నాకు బడి పెడుతున్నారా అన్నట్టు చూసి ఫోను పక్కకు నెట్టేశాడు. పొద్దున టీ తాగేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, మధ్యాహ్నం ఏది పెడితే అది తినేవాడు. అమ్మ ఆయన ఎదురుగానే ఉండేది, ఆయన ఆమె వైపు చూసేవాడు కూడా కాదు. అది అలక అనుకుని నాకు ఒళ్ళు మండేది. జబ్బు చేసింది అమ్మకైతే మూతి ముడుచుకునేది ఈయనా అని తమ్ముడి దగ్గర ఎగిరిపడ్డాను.

గల్లీలో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు, ఇంట్లో అంతా మంచిదేనా అని. ఇన్నేళ్ళూ మా లొల్లిని భరించినవాళ్ళకు మా నిశ్శబ్దం భయం పుట్టించింది.

అమ్మ మాత్రం డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు, ఆ రోజుకు ఉన్న నాలుగు మాటల్లోంచి తీసి నాతో చెప్పింది. "ఇద్దరం ఉన్నం గని, ఇంట్ల ఎవ్వరు లేనట్టుంది బిడ్డా."

ఆమె కళ్ళు తుడుచుకుని ఎదురుగా గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ గోడ మీద పెద్ద జలపాతం బొమ్మ ఉంది. గంటల తరబడి అక్కడ కూర్చోవాల్సి వచ్చేది కాబట్టి అమ్మకు ఆ బొమ్మలో ప్రతి రాయీ తెలిసిపోయి ఉంటుంది. అది ఎక్కడని కళ్ళతోనే అడిగింది. చీటీలు రాసే అమ్మాయిని కనుక్కుంటే కుంటాల అని, నిర్మల్ దాటి పోవాలని చెప్పింది. అమ్మ వేలితో తన గుండె మీద తట్టుకుని, ఆ బొమ్మ వైపు చూపించింది. అమ్మ అడగడం నాకు కొత్త కాదు. ఉల్లిగడ్డలు, బాపు మందులు, తమ్ముడి పిల్లకు గౌను, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. తన కోసం అడగడం కొత్త.

దసరా సెలవులొచ్చాయి. చాంద్రాయణగుట్టలో మా తమ్ముడి కరెంటు సామాన్ల దుకాణం ముందు బండి ఆపుకునే డ్రైవర్ భాయ్ ఒకాయన ఉన్నాడు, నెమ్మదైన మనిషి. ఆయన బండి మాట్లాడాం. మా ఇంటాయనకు డ్యూటీ, మరదలికి పిల్ల జ్వరం. ఇక మిగిలింది అమ్మ, నేను, తమ్ముడు, బాపు. బాపు రానన్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన నోరు తెరిచింది ఆ రాను అనడానికే. "నీళ్ళు సూడనీకి గంత దూరం పోవుడేంది? మూసీ లేదా?" అని అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. తమ్ముడు బతిమిలాడాడు, నేను విసుక్కున్నాను. అమ్మ మాత్రం సద్ది డబ్బా ఒళ్ళో పెట్టుకుని బండి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. బాపు కాసేపు ఆ మూసిన తలుపు వైపు చూశాడు. లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, వచ్చి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. ఆయన మనసు మారకముందే భాయ్ బండి కదిలించాడు.

దారి పొడుగునా తంగేడు విరగబూసి ఉంది. గునుగు పూలు, పత్తి చేలు, అక్కడక్కడా నీళ్ళు నిండిన కుంటలు. ఇంకో రోజైతే నా కడుపు నిండిపోయేది. ఆ రోజు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని ఇద్దరు ముసలివాళ్ళతో కూర్చుని పూలు చూడటం కూడా తప్పులాగే అనిపించింది. నిర్మల్ దగ్గర భాయ్ పెట్రోలు పోయించుకుంటూ, ఇంట్లో ఏమైనా అయిందా అక్కా అని మెల్లగా ఉర్దూలో అడిగాడు. చెప్పాను. ఆయన, అల్లా ఏదో ఒక దారి చూపిస్తాడు అన్నాడు. అప్పుడు అది మామూలుగా అందరూ అనే మాటే అనుకున్నాను.

బండి ఆపిన చోటికే హోరు వినిపిస్తోంది. ఎక్కడో చెట్ల వెనక వంద లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడినట్టుంది. అమ్మ మొహం విప్పారింది, ఆగలేక ముందే నడిచింది. నేను బాపు వైపు చూశాను. ఆయనకు ఏమీ వినిపించలేదు, చెట్టు మీద కోతిని చూస్తున్నాడు. కిందికి దిగడానికి వందల మెట్లున్నాయి. అమ్మ తమ్ముడి భుజం పట్టుకుని దిగింది, బాపు ఎవరి భుజమూ పట్టుకోలేదు. సగం దిగాక ఎందుకో పక్కనున్న ఇనుప రెయిలింగు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఇనుము సన్నగా అదురుతోంది. దాన్ని చూశాడు, కింద చెట్ల వైపు చూశాడు. అక్కడి నుంచి కింది మెట్టు దాకా ఆ చెయ్యి ఎత్తలేదు.

మెట్లు అయిపోయి చెట్లు తొలగాయి. కడెం నది అంతెత్తు నుంచి నల్లటి బండల మీదుగా మెట్లు మెట్లుగా దూకుతోంది. వానలు తగ్గి కొన్నాళ్ళే అయింది, నీళ్ళలో ఎరుపు పోయి తెల్లగా నురగలు కక్కుతున్నాయి. తుంపర్లు వచ్చి కళ్ళద్దాల మీద పడ్డాయి. నేను అద్దాలు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను. మా ఇంట్లో నీళ్ళంటే రోజు విడిచి రోజు నల్లాలో వచ్చేవి, బిందెలు వరుసగా పెట్టి పట్టుకునేవి. ఇన్ని నీళ్ళు ఎవరూ పట్టుకోకుండా పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అమ్మ అయితే రెండు చేతులూ జోడించేసింది. ఆ ఒక్క చూపుకే అంత దూరం రావచ్చు, అది ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

లోపలికి దిగకుండా తాళ్ళు కట్టారు, ఒక కాపలా మనిషి ఈల పట్టుకుని తిరుగుతున్నాడు. తాళ్ళకు ఇవతల ఒక చదునైన బండ మీద కూర్చున్నాం. తమ్ముడు నాతో ఏదో అన్నాడు, పెదాలు కదిలాయి తప్ప మాట రాలేదు. ఏంటని అరిచాను. బడినిండా పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే నా గొంతు నాకే వినిపించలేదు. వాడు భుజం మీద సంచీ తగిలించుకున్నట్టు చూపించి, ఎక్కడుంది అని చెయ్యి తిప్పాడు. నేను అమ్మ వైపు వేలు పెట్టి, ఒళ్ళో ఉందని చూపించాను. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. బాపు మమ్మల్నే చూస్తున్నాడు.

ఇంత దూరం తెచ్చి ఆయన ఎదుటే చేతులు ఊపాం. ఇక లేచిపోతాడు, ఆ మెట్లన్నీ కోపంతో ఎక్కుతాడు, మధ్యలో గుండె పట్టుకుంటాడు. నా బుర్రలో సినిమా మొత్తం తిరిగిపోయింది. బాపు లేవలేదు. మా ఇద్దరి వైపు చూసిన చూపును మెల్లగా చుట్టూ తిప్పాడు. పక్క బండ మీద ఒక తల్లి పిల్లాణ్ణి రమ్మని చెయ్యి ఊపుతోంది. కాలేజీ కుర్రాళ్ళు ఫోటో కోసం ఒకరికొకరు జరగమని సైగలు చేసుకుంటున్నారు. కొత్తగా పెళ్ళయిన జంట, అమ్మాయి ఆకలని పొట్ట మీద తట్టుకుంటోంది. కాపలా మనిషి బుగ్గలు ఉబ్బేలా ఈల ఊదుతున్నాడు, ఎవరికీ వినిపించడం లేదు, చివరికి రెండు చేతులూ గాల్లోకి ఎత్తి ఆడిస్తున్నాడు. బాపు ఆయన్ని చాలాసేపు చూశాడు. అక్కడ ఎవరి చెవులూ పనిచెయ్యడం లేదు. అక్కడ చెవిటివాడు లేడు.

బాపు అమ్మ భుజం తట్టాడు. ఆమె తిరిగింది. ఆయన కుడి చేతి వేళ్ళన్నీ కలిపి, ఎడమ అరచేతిలో గిన్నెలో ముంచినట్టు ముంచి, కనుబొమలు ఎగరేశాడు.

నాకు అర్థం కాలేదు. అమ్మకు అర్థమైంది. ఆమె మొహంలో వచ్చిన మార్పును నేను చచ్చేదాకా మర్చిపోలేను. ఒక కన్ను మూసి, పులుపు తగిలినట్టు మొహం చిట్లించి, వేళ్ళతో మెతుకులు చల్లినట్టు చేసింది. పులిహోర. తర్వాత ఒక అరచేతిని ఇంకో అరచేతి మీద పెట్టి తట్టింది. సర్వపిండి, గిన్నె అడుగున తట్టి కాల్చే బియ్యప్పిండి రొట్టె. బాపు పెదవి విరిచి, పిడికిలి మీద చిటికెన వేలు తొడిమలా నిలబెట్టి, లేదా అని అడిగాడు. అది వంకాయ కూర. ప్రయాణంలో వంకాయ పాడైపోతుందని అమ్మ ముక్కు మూసుకుని చూపించింది.

ఆ సైగల కథ నాకు తర్వాత తెలిసింది. పెళ్ళయిన కొత్త నుంచి మేము బడికి పోయే రోజుల దాకా అమ్మ రోజూ మధ్యాహ్నం సద్ది డబ్బా తీసుకుని కార్ఖానాకు వెళ్ళేది. ఆడవాళ్ళు లోపలికి పోరు, గడప దగ్గరే నిలబడాలి. ఎవరు వచ్చినా సుత్తులు ఆగవు, ఆ మోతలో మాట వినిపించదు. అందుకని కార్ఖానాలో వాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. బాపు దేగ్‌లోంచి తల పైకెత్తి ఏం కూర అని అడిగేవాడు, అమ్మ గడపలోంచి చెప్పేది. కాకరకాయ అని మొహం తిప్పుకుంటే పనివాళ్ళంతా నవ్వేవాళ్ళట. ఎండగా ఉంది, ఇక పో అని బాపు చెయ్యి విసిరేవాడట. పెళ్ళయిన కొత్తలో అత్తామామల ముందు నోరు విప్పలేని అమ్మ, మొగుడితో మనసారా మాట్లాడింది ఆ గడప దగ్గరేనట.

బండ మీద వాళ్ళిద్దరూ మమ్మల్ని పూర్తిగా మర్చిపోయారు. తమ్ముడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బాపుకు ఎండ తగులుతోందని వాడికి అనిపించిందో ఏమో, తువ్వాలు కప్పుకోమని తన నెత్తి మీద రెండుసార్లు తట్టుకుని చూపించాడు. బాపు అప్పుడే బీడీ తీసి వెలిగించబోతున్నాడు. తమ్ముడి సైగ చూడగానే బీడీ జేబులో కుక్కేశాడు, నడుము నిటారుగా పెట్టాడు, కుడి చెయ్యి పక్కన బండ మీద సుత్తి కోసం వెతికింది, ఆ తర్వాత భయం భయంగా వెనక్కి తిరిగి చూశాడు. అమ్మ కడుపు పట్టుకుని పడీ పడీ నవ్వింది. కార్ఖానాలో నెత్తి మీద తట్టుకుంటే, టోపీ పెట్టుకునే సేఠ్ వస్తున్నాడని అర్థమట. సేఠ్ పోయి ఎన్నేళ్ళయిందో. బాపుకు తన పొరపాటు తెలిసి, తమ్ముడికి పిడికిలి చూపించి తనూ నవ్వాడు. నేను నవ్వుతూనే ఏడ్చాను. తుంపర్లలో ఎవరి మొహం ఎందుకు తడిసిందో ఎవరికీ తెలియదు, ఆ సంగతికి కూడా ఆ నీళ్ళకు దండం పెట్టుకున్నాను.

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. బాపు మాకు సైగలు నేర్పాడు, తప్పు చేస్తే నెత్తి మీద మొట్టాడు. అమ్మ పులిహోర కాపలా మనిషికి కూడా పెట్టింది.

తిరిగి ఎక్కడం మొదలుపెట్టాక నాకు భయం పట్టుకుంది. ఒక్కో మెట్టుకూ హోరు తగ్గుతోంది. ఒక మలుపు దగ్గర తమ్ముడి ఆయాసం వినిపించింది. ఇంకొంచెం పైన, దిగి వస్తున్న వాళ్ళ కబుర్లు వినిపించాయి. బాపు ఒక చెయ్యి రెయిలింగు మీద ఉంది, ఇంకోటి లాల్చీ జేబులోకి పోయింది. అమ్మ ఆయన మోచెయ్యి తాకి, అలసిపోయావా అని సైగ చేసింది. ఆయన ఎదురుగా వస్తున్న మనుషుల వైపు చూశాడు. వాళ్ళు నోటితో మాట్లాడుకుంటున్నారు, చెవులతో వింటున్నారు. బాపు జవాబివ్వకుండా మెట్టు ఎక్కాడు. అమ్మ తన చేతిని చీర కొంగులో దాచుకుంది.

బండిలో మళ్ళీ అదే పొద్దుటి మౌనం. కింద ఇచ్చినదంతా పైకి రాగానే లాక్కున్నారనిపించింది. నాకు ఆ నది మీద కూడా కోపం వచ్చింది.

హైవే ఎక్కాక టీ కోసం ఒక చిన్న హోటలు దగ్గర ఆగాం. భాయ్, తమ్ముడు టైరు చూస్తున్నారు, నేను మొహం కడుక్కోవడానికి పక్కకు వెళ్ళాను. వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. హోటలు నడిపే ఆమె ఎన్ని టీలు, చక్కెర వెయ్యాలా అని అడుగుతోంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి, అమ్మ చెప్పేది ఆమెకు వినబడటం లేదు. ఆమె మళ్ళీ అడిగింది. అమ్మ గొంతు పెంచబోయింది, దగ్గు వచ్చింది, మెడ నరాలు ఉబ్బాయి. బల్ల మీద కూర్చున్న బాపు అది చూశాడు. లేచి వెళ్ళి అమ్మ నోటి ముందు అరచెయ్యి అడ్డం పెట్టాడు, వద్దని. తర్వాత లారీ డ్రైవర్లూ, అక్కడ కూర్చున్న ఇంకో నలుగురూ చూస్తుండగా, ఏమాత్రం సిగ్గుపడకుండా, రెండు చేతులతో అమ్మను అడిగాడు. ఎన్ని? తీపి ఎంత? అమ్మ వేళ్ళు చూపించింది. బాపు హోటలు ఆమె వైపు తిరిగాడు. తన గొంతు తనకు వినిపించదు కాబట్టి, హోటలంతా తిరిగి చూసేలా చెప్పాడు.

"అయిదు చాయ్ అమ్మా. ఈమెకు శక్కర తక్కువ ఎయ్యి. గొంతు మంచిగ లేదు, ఈమెను మాట్లాడియ్యకు."

నేను అక్కడే నిలబడిపోయాను. తన చెవుల కోసం ఎవరు చెయ్యి ఎత్తినా సహించని మనిషి, ఆమె గొంతు కోసం పదిమంది ముందు చేతులు ఎత్తాడు.

హోటలు ఆమె వాళ్ళిద్దరి చేతులనూ చూసింది. టీ గ్లాసు అందిస్తూ అమ్మతో జాలిగా అంది. "అవ్వా, నీకు మాటలు రావా?"

బాపుకు వినిపించలేదు, ఆయన గ్లాసులు పట్టుకుని బల్ల వైపు వెళ్తున్నాడు. నాకు మాత్రం సర్రున కోపం వచ్చింది. గల్లీ మొత్తాన్ని మాటలతో ఏలిన మా అమ్మను పట్టుకుని మాటలు రావా అంటుందా అని ముందుకు దూకాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఒక్క మెల్లని మాటతో కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. హోటలు ఆమె వైపు చూసి, అవునని తల ఊపింది. మాటలు రావని ఒప్పుకుంది. పెద్దాయన నిన్ను మంచిగ చూసుకుంటున్నాడని ఆమె అంటే దానికీ తల ఊపింది, నవ్వుతూ. ఆమె ఏమంటోందని బాపు బల్ల దగ్గర నుంచి చేత్తో అడిగాడు. చాయ్ వేడిగా ఉందంట, జాగ్రత్త అని అమ్మ చేత్తోనే చెప్పింది.

మూగ అనో చెవిటి అనో అనిపించుకోవడం, మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఎవరూ మొయ్యలేకపోయిన మాట అది. బాపు దాన్ని దగ్గరికి కూడా రానివ్వలేదు. అమ్మ దాన్ని టీ గ్లాసుతో పాటు అందుకుంది.

బండి ఎక్కేటప్పుడు నన్ను ముందు సీట్లోకి తోసేసి బాపు అమ్మ పక్కన కూర్చున్నాడు. చీకటి పడి చేతులు కనిపించకుండా పోయేదాకా వెనక కబుర్లు నడుస్తూనే ఉన్నాయి. భాయ్ అద్దంలో చూసి, లోపల లైటు వేసి వదిలేశాడు. ఆయన మేలు మర్చిపోలేను. మేడ్చల్ దాటాక బాపు నా సీటు తట్టి, నేను అడగకపోయినా చెప్పాడు. "మాట్లాడిస్తే మీ అమ్మ జవాబిస్తది. జవాబిస్తే గొంతు పోతది. గందుకే ఊకున్న ఇన్ని దినాలు. ఇగ చేతులున్నయి గద, ఫికర్ లేదు." నేను అలక అనుకున్నది అదన్నమాట. భాయ్ నా వైపు చూసి తల ఊపాడు, దారి గురించి తను అన్న మాట నాకు గుర్తొచ్చిందని ఆయనకు తెలిసింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చేతులకు స్వేచ్ఛ వచ్చింది. అది బాపు చెవుల కోసమని ఎవరూ అనరు, అమ్మ గొంతు కోసం. బాపే ముందుండి అందరికీ నేర్పించాడు. తమ్ముడి పిల్ల వంకాయ, కాకరకాయ మాటలతో చెప్పకముందే వేళ్ళతో చెప్పింది. ఎదురింటి ఆపా కిటికీలోంచి మా కూర ఏంటో సైగతో కనుక్కుంటుంది, తన వంటలకు కొత్త సైగలు కూడా కల్పించింది. ఖీమాకు ఆమె చేసే సైగ చూస్తే బాపు నవ్వి నవ్వి దగ్గుతాడు. ఆయన ఇప్పుడు కార్ఖానా కథలు చెప్తాడు, గిరాకీల నడకలు అనుకరిస్తాడు, మామీద చాడీలు చెప్తాడు. ఇంటికి మనిషి తిరిగొచ్చాడు. ఆ నదికీ, ఆ హోరుకూ, పేరు కూడా అడగని ఆ హోటలు ఆమెకూ రోజుకు ఒక్కసారైనా మనసులో దండం పెట్టుకుంటాను.

కొన్ని నెలల తర్వాత డాక్టరు అమ్మ గొంతులోకి చూసి, బుడిపెలు కరిగిపోయాయని, ఇక హాయిగా మాట్లాడుకోవచ్చని చెప్పాడు. అమ్మ ఆయన గదిలోంచి బయటికి రాగానే మొదలుపెట్టింది. ఆటోలో దారి పొడుగునా ఒక్క క్షణం నోరు మూయలేదు. కూరగాయల ధరలు, ఆపా కోడలు, నేను చిక్కిపోయానని, నా కోపం తగ్గించుకోవాలని, అన్నీ చెప్పింది. గొంతు కొంచెం గరుకుగా ఉంది, అయినా అది మా అమ్మ గొంతు. నాకు కడుపు నిండిపోయింది. బాపుకు ఈ శుభవార్త నేనే చెప్పాలని ఉబలాటపడ్డాను. మా గల్లీ మలుపు దగ్గర అమ్మ ఆటో ఆపించింది.

"మీ బాపుకు చెప్పకు," అంది.

అంతే, నోరు మూసుకుంది. ఇంటి దాకా నడిచి వెళ్ళాం. బాపు అరుగు మీద ఎదురు చూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, గొంతు మీద వేలు పెట్టుకుని, డాక్టరు ఏమన్నాడని అమ్మను అడిగాడు. ఇంకా మస్తు దినాలు పడుతుందట అని అమ్మ చేతులతో చెప్పింది.

"పడనియ్యే, నేనున్న గద," అన్నాడు బాపు, గల్లీ మొత్తానికి వినిపించేలా.